కిలోమీటరుకింత రోడ్డు పన్ను న్యాయమేనా? గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవారికి ఒక లెక్క

మీరు మూడు విషయాలు అడిగారు. గుంటూరులో ఉంటూ విజయవాడలో ఉద్యోగానికి రోజూ కారులో వెళ్లొస్తున్నారు, ఏడాదికి మీ బండి తిరుగుతున్న దూరం మామూలేనా, మరీ ఎక్కువా అన్నది మొదటిది. బ్రిటన్‌లో ఎలక్ట్రిక్ కార్లకు మైలుకింత అని పన్ను పెడుతున్నారట, అలాంటిది మన దగ్గరా వస్తే న్యాయమేనా అన్నది రెండోది. ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొందామనుకుంటుండగా ఈ వార్త చూసి ఆగిపోయారు, కొనాలా వద్దా అన్నది మూడోది. మోటారు ఇన్సూరెన్స్ సర్వేయరుగా విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ప్రమాదమైన బళ్లు చూడటమే నా వృత్తి. ప్రతి క్లెయిమ్‌లో మీటర్ రీడింగ్ రాసుకోవాలి కాబట్టి ఎవరి బండి ఎంత తిరుగుతుందో బాగానే తెలిసింది. కాస్త వివరంగానే చెబుతాను.

ముందు మీ దూరం. గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు అనుకుందాం. రానూపోనూ 70. సెలవులు పోను 280 రోజులు తిరిగితే 19,600. ఆదివారాలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు ఎంత తక్కువగా వేసుకున్నా 21 వేలు అవుతుంది. ఇది ఎక్కువే. విజయవాడలోనే లబ్బీపేటలో ఇల్లు, సూర్యారావుపేటలో క్లినిక్ ఉన్న డాక్టరుగారి కారు అయిదారేళ్ల తర్వాత కూడా 30 వేలు దాటకపోవడం మామూలే. రిటైరైన మాస్టారి కారు ఏడాదికి నాలుగైదు వేలు తిరిగితే గొప్ప. అదే ట్రావెల్స్ బండి అయితే ఏడాదికి 50, 60 వేలు సులువుగా తిరిగేస్తుంది. అందుకే సగటు అనే అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బ్రిటన్‌లో ఒక కారు ఏడాదికి సుమారు 7 వేల మైళ్లు, అంటే 11 వేల కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతుందని లెక్క. అక్కడ ఆ లెక్క తేలడానికి కారణం ఉంది. మూడేళ్లు దాటిన ప్రతి కారునూ ఏటా పరీక్షకు తీసుకెళ్లాలి, అక్కడ మీటర్ రీడింగ్ రికార్డు చేస్తారు. మన దగ్గర సొంత కారు కొన్నాక 15 ఏళ్ల వరకు ఫిట్‌నెస్ కోసం ఆర్టీఏ ఆఫీసు గుమ్మం తొక్కక్కర్లేదు. ఇన్నేళ్లూ ఆ మీటరు ఎంత చూపిస్తోందో ప్రభుత్వానికి తెలియదు. దీని సంగతి మళ్లీ చెబుతాను, అసలు చిక్కంతా అక్కడే.

ఇప్పుడు పన్ను. బ్రిటన్ 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించింది ఇదీ: 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కారుకు మైలుకు 3 పెన్నీలు, ప్లగిన్ హైబ్రిడ్‌కు (చార్జింగ్‌తోనూ, పెట్రోలుతోనూ నడిచే కారు) 1.5 పెన్నీలు. మన డబ్బులో కిలోమీటరుకు రెండు రూపాయల పైచిలుకు. ఎందుకు పెట్టారంటే, అక్కడ పెట్రోలు, డీజిలు మీద సుంకం రూపంలో ఏటా 2,000 కోట్ల పౌండ్లకు పైగా వస్తుంది. జనం బ్యాటరీ కార్లకు మారేకొద్దీ ఆ ఆదాయం కరిగిపోతుంది. పెట్రోలు కారువాడు సుంకం రూపంలో మైలుకు కడుతున్నదానిలో ఇది దాదాపు సగం. అంటే అక్కడ కొత్త పన్ను పడుతున్నది పెట్రోలు పన్ను కట్టనివారి మీద. ఈ ఒక్క విషయం వార్తల్లో ఎక్కడో మూల పడిపోయి, 'బండి నడిపేవాళ్లందరికీ మైలు పన్ను' అన్నట్టు మన దాకా వచ్చింది.

మరి మనం ఇప్పుడు ఏం కడుతున్నాం? ఈ ప్రశ్న వేసుకోకుండా న్యాయాన్యాయాలు తేలవు. మన రాష్ట్రంలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు. కేంద్రం ఎక్సైజ్ 2025 ఏప్రిల్ పెంపుతో 21 రూపాయల 90 పైసలయింది. ఆ లెక్కన, లీటరు 110 రూపాయల దగ్గర ఉన్నప్పుడు, అందులో రెండు ప్రభుత్వాలకూ వెళ్లేది 50 రూపాయల పైమాటే. మీ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. కిలోమీటరుకు మూడు రూపాయల ముప్పై పైసలు పన్నే. ఏడాదికి 21 వేల కిలోమీటర్లంటే 1,400 లీటర్లు, అంటే 70 వేల రూపాయలు. ఇంతా కట్టేది బంకులో, బిల్లు మీద ఎక్కడా విడిగా కనిపించదు కాబట్టి మనకు అది రోడ్డు పన్నులా తోచదు. ఇవిగాక బండి కొన్న రోజునే లైఫ్ ట్యాక్స్ కట్టారు. రోజూ దారిలో కాజా టోల్‌గేట్ దగ్గర కట్టేది వేరే.

కాబట్టి నా జవాబు ఇది: కిలోమీటరుకింత అనేది పెట్రోలు పన్నుకు బదులుగా వస్తే న్యాయం, దాని పైన అదనంగా వస్తే అన్యాయం. మీకు ఇంకో రెండు రూపాయలు వేస్తే ఏడాదికి 42 వేలు అదనం. ఎక్కువ తిరిగేవాడు డబ్బున్నవాడని అర్థం కాదు. మంగళగిరిలోనో తెనాలిలోనో అద్దె తక్కువని ఉండి విజయవాడకు వచ్చే చిరుద్యోగి తిరిగే దూరం, ఊళ్లోనే సొంత ఇల్లున్న వ్యాపారి కన్నా ఎక్కువ. బైకు సంగతి చూడండి. టోల్‌గేట్ దగ్గర బైకుకు ఫీజు లేదు, నిజమే. కానీ లీటరుకు 50 ఇచ్చే బైకు మీద కూడా కిలోమీటరుకు రూపాయి పన్ను బంకులోనే పడుతోంది. ఏడాదికి 12 వేలు తిరిగే సేల్స్ కుర్రాడు 12 వేల రూపాయలు కట్టేస్తున్నాడు. వాడికి ఇంకో పన్ను వేయడమంటే నాకు మనసొప్పదు.

న్యూజిలాండ్‌ను చూస్తే ఈ 'బదులుగా' అన్న మాట విలువ తెలుస్తుంది. అక్కడ 1970ల చివరి నుంచే డీజిలు బళ్లకు, బరువు బళ్లకు దూరాన్ని బట్టి చార్జీ ఉంది. ఎందుకంటే అక్కడ డీజిలు మీద పెట్రోలులా రోడ్డు సుంకం వేయరు. వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందే కొనుక్కుంటారు, మీటరు అంకె రాసిన లేబుల్ అద్దానికి అంటించుకుంటారు. 2024 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లనూ అందులో చేర్చారు, వెయ్యి కిలోమీటర్లకు 76 న్యూజిలాండ్ డాలర్లు. ప్లగిన్ హైబ్రిడ్‌కు మాత్రం 38 డాలర్లే, ఎందుకంటే ఆ బండి ఎలాగూ పెట్రోలు పోయించుకుని అక్కడా సుంకం కడుతుంది. ఒకే కిలోమీటరుకు రెండుసార్లు వసూలు చేయకూడదని అంత జాగ్రత్తపడ్డారు. మన దగ్గర ఆ జాగ్రత్త ఉంటుందా అన్నదే నా బెంగ. రూపాయి సెస్సు ఒకసారి వచ్చిందంటే అది మళ్లీ వెనక్కి పోవడం కష్టమని మనందరికీ తెలుసు.

దూరం ఒక్కటే చూడటంలో ఇంకో తప్పు ఉంది. రోడ్డును పాడుచేసేది దూరం కన్నా బరువు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. అక్కడ తేలిన సూత్రాన్నే మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా రోడ్డు మందం లెక్కకట్టడానికి వాడుతుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, పదహారు రెట్లు. మీ కారు ఒక్కో ఇరుసు మీద పడేది ముప్పావు టన్ను. నాలుగు టైర్లున్న ఒక్క లారీ ఇరుసుకు చట్టం ఇచ్చిన పరిమితి 11.5 టన్నులు. ఆ సూత్రంలో వేసి చూడండి, లారీ ఇరుసు ఒక్కసారి దొర్లితే మీ కారు ఇరుసు యాభై వేలసార్లు దొర్లినదానికన్నా ఎక్కువ నష్టం. 2018కి ముందు ఆ పరిమితి 10.2 టన్నులు. పెంచిన ఆ టన్నూ మూడొందల కిలోలతోనే ఇరుసు చేసే నష్టం 60 శాతం పెరిగింది. ఇక ఓవర్‌లోడు అయితే చెప్పక్కర్లేదు, చట్టం ఒప్పిన దానికన్నా అయిదో వంతు ఎక్కువ వేస్తే నష్టం రెట్టింపు.

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు నుంచి థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద మోసే టిప్పర్లు వెళ్లే దారి చూసినా, గుంటూరు దగ్గరి పేరేచర్లలో కంకర బళ్లు తిరిగే దారి చూసినా ఈ సూత్రం కళ్లకు కడుతుంది. ఎడమ వైపు చక్రాలు పడే చోట తారు గాడిలా దిగిపోయి, పక్కన కట్టలా పైకి లేస్తుంది. తొలకరికి ఆ గాడిలో నీళ్లు నిలుస్తాయి. మన కృష్ణా, గుంటూరు నేల చాలా చోట్ల నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పైన తారు పగిలి నీళ్లు లోపలికి దిగాయంటే ఆ రోడ్డు ఒక్క వానాకాలం కూడా ఆగదు. గాడి తప్పించబోయి డివైడర్ ఎక్కిన కార్లు మా దగ్గరకు క్లెయిమ్‌కు వస్తాయి. సస్పెన్షన్ ఆర్మ్ వంగి, అలాయ్ వీల్ అంచు పగిలి ఉంటుంది. రోడ్డు పాడుచేసింది ఒకరు, ఖర్చు ఇంకొకరికి. కిలోమీటరు పన్ను అన్ని బళ్లకూ ఒకే రేటున పెడితే ఈ అన్యాయానికి ప్రభుత్వ ముద్ర పడ్డట్టే. స్విట్జర్లాండ్ 2001 నుంచి, జర్మనీ 2005 నుంచి దూరం చార్జీని భారీ లారీలతోనే మొదలుపెట్టాయి, కార్లతో కాదు. నాకు అదే సరైన వరస అనిపిస్తుంది.

లారీ యజమానులు ఈ మాటకు ఒప్పుకోరని తెలుసు, వాళ్ల బాధలోనూ నిజం ఉంది. మన రాష్ట్రంలో డీజిలు ఖరీదు ఎక్కువ. కర్ణాటక మీదుగా వచ్చే లారీ అక్కడే ట్యాంకు నింపుకుని మన రోడ్ల మీద తిరిగి వెళ్తుంది. ఇక్కడి యజమాని ఇక్కడ కొని పోటీలో దెబ్బతింటాడు. బరువును, దూరాన్ని బట్టి చార్జీ పెట్టి, ఆ మేరకు డీజిలు మీద వ్యాట్ తగ్గిస్తే లాభపడేది ఇక్కడి లారీవాళ్లే. ఎక్కడ డీజిలు పోయించుకున్నా, ఇక్కడ తిరిగినందుకు ఇక్కడే కట్టాలి. పరిమితిలో లోడు వేసుకునేవాడికి ఊరట, ఓవర్‌లోడు వేసేవాడికి వాత.

ఇప్పుడు మీటరు సంగతి. న్యూజిలాండ్ పద్ధతి ఇక్కడ పెడదాం అంటే నేను ముందుగా అడిగేది, ఆ మీటరును నమ్మేదెలా అని. సెకండ్ హ్యాండ్ కార్లలో మీటరు వెనక్కి తిప్పడం కొత్తేమీ కాదు. డిజిటల్ మీటరు వచ్చాక ఆగుతుందనుకున్నాం, లాప్‌టాప్ తగిలించి అంకె మార్చేస్తున్నారు. బండి చూస్తే తెలిసిపోతుంది. మీటరు 42 వేలు చూపిస్తుంటుంది, క్లచ్ పెడల్ మీది రబ్బరు గీతలు పూర్తిగా అరిగి నున్నగా మెరుస్తుంటుంది. స్టీరింగ్ మీద పది, రెండు గంటల స్థానాల్లో తోలు పాలిష్ పట్టినట్టు ఉంటుంది. డ్రైవరు ఎక్కి దిగే వైపు సీటు అంచు నలిగి స్పాంజ్ కూరుకుపోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 3218 అంటే 2018లో 32వ వారం తయారైందని. బండి 2015ది, టైర్లు 2018వి, మీటరు 42 వేలు అంటే నేను సర్వీసు రికార్డు అడుగుతాను. కొనేవాణ్ణి మోసం చేయడానికే ఇంత చేసేవాళ్లు, ఏటా పన్ను మిగులుతుందంటే ఊరుకుంటారా? పన్ను మీటరుతో ముడిపడిన రోజున ఈ పని దొంగచాటు వ్యవహారంగా ఉండదు, వీధి వీధికీ దుకాణం పెడతారు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేని విరుగుడు ఒకటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం ఏడాదికోసారి, పాత బళ్లకు ఆరు నెలలకోసారి ఎలాగూ బండి తీసుకెళ్లాలి. ఆ రోజే మీటర్ ఫొటో తీసి ఆర్‌సీ రికార్డులో కలిపేస్తే చాలు. ఎలక్ట్రిక్ బండికి పొగ ఉండదు కాబట్టి దానికి ఇన్సూరెన్స్ రెన్యువల్ రోజున తీయొచ్చు. పన్ను పెట్టినా పెట్టకపోయినా ఇది ఇప్పుడే చేయదగిన పని. సెకండ్ హ్యాండ్ మోసాలు తగ్గుతాయి, ఎవరెంత తిరుగుతున్నారో నిజమైన లెక్క తేలుతుంది. ఇన్సూరెన్స్‌లో 2022 నుంచి 'తిరిగినంతకే ప్రీమియం' తరహా పాలసీలకు అనుమతి ఉంది, తక్కువ తిరిగేవాళ్లకు వాటి ప్రయోజనం సరిగ్గా అందుతుంది.

మీటరుకు తెలియనిది ఇంకోటి ఉంది, సరిహద్దు. విజయవాడవాళ్లకు హైదరాబాదు ప్రయాణం లేని నెల ఉండదు. 65వ జాతీయ రహదారి మీద 275 కిలోమీటర్లు వెళ్తే, అందులో మూడింట రెండొంతులు సరిహద్దులోని గరికపాడు దాటాక తెలంగాణలోనే. ఆ కిలోమీటర్లకు ఆంధ్రప్రదేశ్ పన్ను వేస్తే ఎలా? అక్కడి బండి ఇక్కడికొచ్చి తిరిగితే ఎవరికి కట్టాలి? వాహనాల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనే ఉంది, 57వ అంశం. అధికారం ఉన్నంత మాత్రాన చిక్కు వీడదు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2021లో ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరు చార్జీ పెట్టింది. అలాంటి పన్ను వేసే హక్కు రాష్ట్రానికి లేదంటూ అక్కడి హైకోర్టు 2023 అక్టోబరులో కొట్టేసింది. అక్కడ హైకోర్టే దేశానికి అత్యున్నత న్యాయస్థానం. వాళ్ల రాజ్యాంగం వేరు, మనది వేరు, కానీ ఏ కిలోమీటరు ఎవరిదన్న తగాదా మన రాష్ట్రాల మధ్య తప్పదు.

సరిహద్దు తెలియాలంటే ఉపగ్రహం కావాలి. 2024 సెప్టెంబరులో కేంద్రం టోల్ నిబంధనలు సవరించి, ఉపగ్రహ పరికరం ఉన్న బండికి జాతీయ రహదారి మీద రోజుకు ఒక్కో వైపు 20 కిలోమీటర్ల వరకు ఫీజు లేకుండా, అది దాటితే తిరిగిన అసలు దూరానికి ఫీజు అని రాసింది. 2025 ఏప్రిల్‌లో మాత్రం మే 1 నుంచి దేశమంతటా ఉపగ్రహ టోల్ వస్తుందన్న వార్తలు నిజం కాదని, అలాంటి నిర్ణయమేదీ లేదని మంత్రిత్వ శాఖే చెప్పింది. ఫాస్టాగ్, నంబరు ప్లేటు చదివే కెమెరాల వైపు వెళ్తున్నారు. నాకైతే అదే మేలనిపిస్తుంది. నేను ఏ రోజు ఏ వీధిలో బండి ఆపానో ఇంకొకరి దగ్గర రికార్డు ఉండటం నాకు ఇష్టం లేదు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2015 నుంచి స్వచ్ఛందంగా నడుపుతున్న పథకంలో జీపీఎస్ వద్దనుకునేవాళ్లకు వేరే దారి ఉంచారు. మన దగ్గర ఏది వచ్చినా ఆ దారి ఉండి తీరాలి.

ట్రాఫిక్ తగ్గించడానికి ఈ పన్ను పనికొస్తుందా అని ఇంకొందరు అడుగుతుంటారు. ఒకే రేటు అయితే రాదు. సాయంత్రం ఏడింటికి బెంజి సర్కిల్‌లో కిలోమీటరుకు, తెల్లవారుజామున పొన్నూరు రోడ్డులో కిలోమీటరుకు ఒకే ధర కట్టించుకుంటే రద్దీ ఎందుకు తగ్గుతుంది? సింగపూర్, లండన్ చేసింది వేరు, అక్కడ చోటును, సమయాన్ని బట్టి వసూలు చేస్తారు. ఆ పని చేసే ముందు గుంటూరు, విజయవాడ మధ్య నమ్మకంగా ఎక్కగలిగే రైళ్లు, బస్సులు ఇంకా పెరగాలి.

ఇక మీ ఈవీ. ఎలక్ట్రిక్ కార్లు ఎప్పటికీ ఏమీ కట్టకుండా తిరగాలని నేను అనను. అవి బ్యాటరీ వల్ల పెట్రోలు కారు కన్నా బరువు, తిరిగేది అదే రోడ్డు మీద. ఈవీల సంఖ్య బాగా పెరిగాక, పెట్రోలు కారు బంకులో కడుతున్నదానికన్నా తక్కువగా, బరువును బట్టి కిలోమీటరుకు ఎంతో కొంత పెట్టడం సబబే. కానీ బ్యాటరీ స్కూటర్లనూ, ఆటోలనూ దీని జోలికి తీసుకురాకూడదు. రోజుకు నూరు కిలోమీటర్లు తిరిగే ఈ-ఆటో డ్రైవరుకు కిలోమీటరుకు రూపాయి అంటే వాడి ఇంటి అద్దె పోయినట్టే.

మీ మట్టుకు లెక్క వేస్తే, పెట్రోలుకు ఏడాదికి 1,400 లీటర్లు, 110 చొప్పున లక్షా 54 వేలు. ఈవీ యూనిట్‌కు 7 కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే 21 వేలకు 3,000 యూనిట్లు, ఇంట్లో చార్జింగ్‌కు యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 24 వేలు. రేపు బ్రిటన్ మాదిరిగా కిలోమీటరుకు రెండు రూపాయలు పడినా ఇంకో 42 వేలు. అంతా కలిపి 66 వేలు. పన్ను భయంతో ఆగాల్సిన పని లేదు, మీ అంత తిరిగేవాళ్లకు ఈవీ గిట్టుబాటే. ఏడాదికి అయిదు వేలు తిరిగేవాళ్లు అడిగితే మాత్రం కొనమని చెప్పను. కొనే ముందు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో మాట్లాడి, పార్కింగ్ దాకా మీ సొంత మీటరు నుంచి లైను లాగడానికి రాతపూర్వకంగా ఒప్పించుకోండి. బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే ఆధారపడితే ఈ 24 వేలు రెట్టింపు దాటుతుంది, అప్పుడు లెక్క మళ్లీ వేసుకోవాలి.

టోల్ గురించి కూడా ఒక మాట. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఏడాదికి లేదా 200 ట్రిప్పులకు, ఏది ముందైతే దానికి. కాజా రోజుకు రెండుసార్లు దాటే మీకు అది నూరు పనిదినాల్లో, అంటే నాలుగు నెలల్లో అయిపోతుంది. ఏడాదికి దాదాపు మూడు పాస్‌లు కావాలి. టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారి సొంత బళ్లకు నెలవారీ పాస్ ఉంది, 350 రూపాయల చుట్టూ ఉంటుంది, ఏడాదికి 4,200. గుంటూరులో మీ ఇల్లు ఆ పరిధిలోకి వస్తుందో లేదో చూసుకుని, ఆధార్, ఆర్‌సీ పట్టుకుని టోల్‌గేట్ ఆఫీసుకు వెళ్లి అడగండి.